మీ సలహా విన్నందుకే నా అకౌంట్ లాక్ అయింది

కస్టమర్ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీరు పంపిన మెయిల్‌ని దొంగ మెయిల్ అనుకుని లింకు నొక్కనందుకు నా స్టోరేజ్ అకౌంట్ ఆపేయడం, దాన్ని తిరిగి తెరవడానికి దారి లేకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

ఆరేళ్ళుగా డబ్బు కట్టి మీ దగ్గర ఫైళ్ళు దాచుకుంటున్నాను. ఇరవై రెండు రోజులుగా వాటిలో ఒక్కటి కూడా తెరవలేకపోతున్నాను. ప్లాన్ డబ్బు మాత్రం ఈ నెల కూడా కార్డులోంచి ఠంచనుగా కట్ అయింది. నేను నేనేనా కాదా అని మీ సెక్యూరిటీ వాళ్ళకి ఇంకా తేలలేదు గానీ, బిల్లింగ్ వాళ్ళకి మాత్రం ఏ అనుమానమూ రాలేదు.

జరిగింది మొదటి నుంచి చెప్తాను. పోయిన నెల కొత్త ఫోన్ కొని, అందులో మీ యాప్‌లో లాగిన్ అయ్యాను. మర్నాడు ఒక మెయిల్ వచ్చింది. పైన ఎర్ర పట్టీ, అందులో ‘అత్యవసరం’ అనే మాట. ‘విలువైన వినియోగదారునికి, మీ ఖాతాలో అసాధారణ కార్యకలాపం గుర్తించబడినది. 72 గంటలలోగా క్రింది బటన్ నొక్కి ధృవీకరించనిచో ఖాతా నిలిపివేయబడును.’ కింద నీలం రంగు బటన్. నా పేరు ఎక్కడా లేదు. ఆరేళ్ళుగా ప్రతి బిల్లు మీదా నా పేరు తప్పులేకుండా రాస్తున్న మీరు, ఇంత ముఖ్యమైన మెయిల్‌లో ‘విలువైన వినియోగదారుడు’ అంటారని ఎలా అనుకుంటాను?

పంపినవాళ్ళ చిరునామా చూశాను. మీ కంపెనీ పేరుకి ముందో ముక్క, వెనకో ముక్క, మధ్యలో రెండు అడ్డగీతలు తగిలించిన కొత్త డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) అది. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పడితే చిన్న తెర మీద ఎమ్ లాగే కనిపిస్తాయి, దొంగలు ఈ కిటుకు బాగా వాడతారు. అందుకని కళ్ళద్దాలు పెట్టుకుని మరీ ఒక్కో అక్షరం చదివాను. బటన్ మీద వేలు అలాగే నొక్కిపెట్టి అది ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూశాను. అది మూడో చిరునామా. మీది కాదు, మెయిల్ పంపినవాళ్ళదీ కాదు.

ఇక మీ సహాయం పేజీకి వెళ్ళాను. ‘దొంగ మెయిల్స్‌ని గుర్తుపట్టడం ఎలా’ అని మీరే రాసిన వ్యాసం ఉంది కదా, అది. తొందరపెట్టే మాటలుంటే అనుమానించండి అన్నారు. పేరు లేకుండా పలకరిస్తే అనుమానించండి అన్నారు. తెలియని డొమైన్ నుంచి వస్తే అస్సలు నొక్కకండి అన్నారు. మీరు చెప్పిన గుర్తులన్నీ ఆ మెయిల్‌లో ఉన్నాయి. నొక్కలేదు. అంతటితో ఊరుకోకుండా, అలాంటివి పంపమని ఆ పేజీలోనే మీరు ఇచ్చిన చిరునామాకి దాన్ని ఫార్వర్డ్ చేశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, ‘అప్రమత్తంగా ఉన్నందుకు ధన్యవాదాలు’ అని. సరిగ్గా మూడో రోజు నా అకౌంట్ లాక్ అయింది.

ఆ సంగతి నాకు డాక్టర్ గది బయట తెలిసింది. మా అమ్మ పాత స్కాన్ రిపోర్టులు చూపించమన్నారు. నాలుగేళ్ళ రిపోర్టులు వరసగా స్కాన్ చేసి మీ దగ్గరే పెట్టాను. కాగితాలైతే ఎక్కడైనా పోతాయి, ఇక్కడైతే భద్రంగా ఉంటాయని. లోపలికి పిలవడానికి ముందు ఇద్దరే ఉన్నారు. యాప్ తెరిస్తే బూడిదరంగు తెర, మధ్యలో తాళం బొమ్మ. ‘ఏమైందిరా, దొరకలేదా?’ అని అమ్మ అడుగుతోంది. ‘నెట్ స్లోగా ఉందమ్మా’ అన్నాను. అంతకంటే ఏం చెప్పను? చివరికి ఒక్క రిపోర్టూ లేకుండానే లోపలికి వెళ్ళాం. మళ్ళీ తీయించమన్నారు.

ఆ రాత్రి తెరిపించే పనిలో పడ్డాను. ఓటీపీ పంపమంటే పంపానంది. రాలేదు. మళ్ళీ నొక్కాను. నాలుగోసారి గానీ చూసుకోలేదు, చుక్కల చివర కనిపిస్తున్న రెండు అంకెలు నా పాత నంబరువి. ఆ నంబరు వదిలేసి రెండేళ్ళు దాటింది. ఇక్కడ నా తప్పు కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ నంబరు మార్చినప్పుడు మీ ప్రొఫైల్ పేజీలో కొత్తది ఎక్కించాను, ‘అప్‌డేట్ అయింది’ అని మీరే చెప్పారు. సెక్యూరిటీ పేజీలో అదే నంబరు ఇంకో చోట విడిగా ఉంటుందని, అక్కడ పాతదే ఉండిపోతుందని ఎవరికి తెలుస్తుంది? ఒక మనిషికి మీ దగ్గర రెండు ఫోన్ నంబర్లు ఎందుకున్నాయి, ఆ రెండూ వేరుగా ఉన్నాయని ఆరేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?

వాడకుండా వదిలేసిన నంబరుని టెలికాం వాళ్ళు కొన్నాళ్ళాగి ఇంకొకరికి ఇస్తారు. అంటే నా తలుపు తాళంచెవి నాలుగుసార్లు ఎవరింటికో వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఉండబట్టలేక ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ ఎత్తారు. విషయం చెప్పాను.

‘అవునండీ, రాత్రి నాలుగు మెసేజీలు వచ్చాయి. మీవా అవి? పాపం’ అన్నారు.

ఇప్పుడు ఇంకోసారి పంపిస్తాను, ఆ ఆరంకెలూ కాస్త చదివి పెడతారా అని అడిగాను. అడుగుతున్నప్పుడే నా గొంతు నాకే మోసగాడి గొంతులా వినిపించింది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఏమీ అనుకోకండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని మా అబ్బాయి గట్టిగా చెప్పాడు’ అని ఫోన్ పెట్టేశారు.

ఆవిడ చేసిందే కరెక్టు. ఈ మొత్తం వ్యవహారంలో సెక్యూరిటీ అంటే ఏమిటో తెలిసినట్టు నడుచుకున్నది ఆవిడొక్కరే. మీ ఉద్యోగులకి క్లాసులు చెప్పిస్తే బాగుంటుంది.

ఫోన్ దారి మూసుకుపోయాక సెక్యూరిటీ ప్రశ్న దారి చూపించారు. ‘మీ మొదటి టీచరు పేరు?’ ఆ టీచరుగారిని నేనెలా మరిచిపోతాను! కానీ ఆరేళ్ళ కింద ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశానో ఎలా గుర్తుంటుంది? మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. లక్ష్మిలో ఎక్స్ పెట్టేవాళ్ళున్నారు, కె-ఎస్-హెచ్ పెట్టేవాళ్ళున్నారు, చివర ఐ ఒకటా రెండా, వెనక ‘గారు’ ఉందా లేదా, మొదటిది పెద్ద అక్షరమా చిన్నదా. అయిదుసార్లు ప్రయత్నించాక ‘మీరు ఖాతాదారు కాకపోవచ్చు’ అంది మీ తెర. మా టీచరుగారి పేరు నాకు తెలియదని కంప్యూటర్ చేత చెప్పించుకోవాల్సి వచ్చింది.

చాట్ గురించి ఎక్కువ రాయను. బాట్‌కి మూడుసార్లు మొత్తం కథ చెప్పాను, మూడుసార్లూ ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అనే అడిగింది. నాకు పాస్‌వర్డ్ గుర్తుంది. నేను మర్చిపోని వస్తువు అదొక్కటే. తొమ్మిదో రోజున ఒక మనిషి లైన్‌లోకి వచ్చారు. ఆ మెయిల్ నిజంగా మీ కంపెనీదేనని, బయటి మెయిలింగ్ సంస్థ ద్వారా పంపించారని చెప్పారు. ‘మరి టైముకి ఎందుకు నొక్కలేదు సార్?’ అని అడిగారు. నొక్కితే దొంగలు పట్టుకుపోతారు, నొక్కకపోతే మీరు తలుపు వేసేస్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాదా?

నా అకౌంట్ తెరిచేస్తే తీరిపోయే ఫిర్యాదు కాదిది. ఇలాంటి మెయిల్ లక్షల మందికి వెళ్తుంది. చాలామంది నొక్కేస్తారు, నొక్కినందుకు వాళ్ళ అకౌంట్లు బాగానే ఉంటాయి. అంటే తెలియని డొమైన్ నుంచి ఎర్ర పట్టీతో ఏదొచ్చినా నొక్కడం మంచిదని వాళ్ళకి మీరే అలవాటు చేస్తున్నారు. రేపు దొంగ అచ్చం అలాంటిదే పంపితే, నిన్న మీరు చేసిన అలవాటుతోనే నొక్కుతారు. కంచే చేను మేయడం అంటే ఇది.

ఇది తప్పించడం పెద్ద పని కూడా కాదు. మీ సొంత డొమైన్ కింద ఒక ఉపడొమైన్ తీసుకుని, ఆ మెయిలింగ్ సంస్థకి దాని తరఫున పంపే అనుమతి ఇవ్వొచ్చు. ఒక డొమైన్ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా దాని అనుమతితోనే వచ్చిందా అని సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లు ఉన్నది అందుకే. అసలు బటనే అక్కర్లేదు. ‘మీ యాప్ తెరిచి చూడండి, అక్కడ ఒక నోటీసు ఉంది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అలాంటి వాక్యంతో దొంగ ఏం చేసుకుంటాడు?

ఇంకో మాట. అదే సహాయం పేజీలో ‘బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే ఆ సైటు సురక్షితం’ అని ఇప్పటికీ ఉంది. దయచేసి తీసేయండి. ఆ తాళం మధ్యదారిలో ఎవరూ వినడం లేదని మాత్రమే చెప్తుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. ఆ తాళం కనిపించడానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగ సైట్లకి కూడా ఉచితంగా దొరుకుతుంది. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ తాళం బొమ్మనే తీసేసింది.

మీ పద్ధతులు ఎంత పాతబడ్డాయో తెలియాలంటే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన డిజిటల్ గుర్తింపు మార్గదర్శకాలు ఒకసారి చూడండి. ఫోన్ నెట్‌వర్క్ మీద పంపే కోడ్‌ని అది పరిమితంగా వాడాల్సిన పద్ధతుల్లో చేర్చింది, దానికి ప్రత్యామ్నాయం ఒకటైనా ఇవ్వాలంది. మీరు ఒక్కటీ ఇవ్వలేదు. ముప్పై సెకన్లకోసారి కోడ్ మార్చే ఆథెంటికేటర్ యాప్‌ల పద్ధతి 2011 నుంచీ ప్రమాణంగా ఉంది. దానికి సిమ్‌తో పనే లేదు. పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు మొదటి పెంపుడు జంతువు పేరు లాంటివి అడగొద్దని కూడా ఆ పత్రంలోనే ఉంది, మా టీచరుగారి పేరు దాని కిందికి రాదంటారా? ప్రతి తొంభై రోజులకీ పాస్‌వర్డ్ మార్చమని మీరు చేసే గొడవ కూడా అనవసరమని అందులోనే ఉంది, ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, బయటపడిందని ఆధారం ఉంటే మార్పించమంది. ఆ పాత సలహాని 2003లో అదే సంస్థకి రాసిచ్చిన బిల్ బర్ అనే ఆయనే 2017లో పొరపాటు చేశానని బహిరంగంగా చెప్పుకున్నారు. రాసినాయన వదిలేశాడు, మీరు మాత్రం పట్టుకుని కూర్చున్నారు. (నిజం చెప్పాలంటే ప్రతి మూడు నెలలకీ నేను చేసేది చివరి అంకె ఒకటి పెంచడమే. అందరూ అంతే చేస్తారు.)

కొత్త ఫోన్ నుంచి లాగిన్ అయితే అనుమానించడం తప్పని నేను అనడం లేదు. అనుమానించండి, మంచిదే. కానీ అదే అకౌంట్‌లో నా పాత ల్యాప్‌టాప్ ఆరేళ్ళుగా లాగిన్ అయి ఉంది. ‘ఇది మీరేనా?’ అని దాని మీద ఒక్క ప్రశ్న వేస్తే నిమిషంలో తేలిపోయేది. అది చేయకుండా, లాక్ చేసిన రోజే ల్యాప్‌టాప్‌ని కూడా లాగౌట్ చేసేశారు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఒక మనిషి, బాట్ కాదు, నా గుర్తింపు పత్రాలూ ఆరేళ్ళ బిల్లులూ చూసి అకౌంట్ తెరవాలి. అన్నిటికంటే ముందు మా అమ్మ రిపోర్టుల ఫోల్డరు నా చేతికి రావాలి, మిగతా విచారణ ఆ తర్వాత తీరిగ్గా చేసుకోండి. ఆ పాత నంబరుని మీ దగ్గర ఎక్కడెక్కడ ఉందో అన్ని చోట్లా తీసేయాలి. గత రెండేళ్ళలో దానికి వెళ్ళిన ఓటీపీలతో ఎవరైనా నా అకౌంట్‌లోకి వచ్చారా అన్నది మీ లాగిన్ రికార్డులు చూసి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ పెద్దావిడ మీద నాకు అనుమానం లేదు, ఆవిడకి ముందు ఆ నంబరు ఎవరి దగ్గరుందో తెలియదు కదా. లాక్‌లో ఉన్న రోజులకి తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వాలి. నేను ఫార్వర్డ్ చేసిన మీ సొంత మెయిల్‌ని మీ దొంగ మెయిళ్ళ విభాగంలో ఎవరైనా తెరిచి చూశారా, చూస్తే అది మీదేనని నాకెందుకు చెప్పలేదు అన్నదానికి కూడా జవాబు కావాలి. మిగతావాటి కంటే దీని మీదే నాకు ఎక్కువ పట్టుదల.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదులు విచారించే అధికారుల దగ్గరికి వెళ్తాను. ఆ మెయిల్ కాపీ, మీ ఆటోమేటిక్ ధన్యవాదాల కాపీ, చాట్ మొత్తం, లాక్ తెర ఫొటో జత చేశాను. ఒక కాపీ కాగితం మీద కూడా ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకున్నాను. ఈ మధ్య అన్నీ అలాగే చేస్తున్నాను.

జవాబు ఉత్తరంలోగానీ, నా కొత్త నంబరుకి ఫోన్ చేసిగానీ చెప్పండి. మెయిల్ అయితే నా పేరు పెట్టి, మీ సొంత డొమైన్ నుంచి పంపండి. అందులో లింకు పెట్టకండి, పెడితే నొక్కను.

ఇట్లు,
మీ ఆరేళ్ళ కస్టమర్
(పేరు, అకౌంట్ వివరాలు జత చేసిన కాగితంలో ఉన్నాయి)