ఫారిన్ టై-అప్ అంటే ఏ రకమో అడగండి

అందరికీ నమస్తే. అడ్మిషన్ల టైమ్ కదా, "మాకు ఫారిన్ యూనివర్సిటీతో టై-అప్ ఉంది" అనగానే ఫీజు కట్టేయకండి. కొన్నిచోట్ల ఎంఓయూ (రెండు సంస్థల మధ్య అవగాహన ఒప్పందం) అంటే గోడ మీద ఫోటో, అంతే!

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల్లో ఇలాంటి టై-అప్ కోర్సులు మూడు రకాలున్నాయి. ట్విన్నింగ్‌లో విదేశంలో చదివే క్రెడిట్లు (చదివిన సబ్జెక్టులకు లెక్కించే పాయింట్లు) మొత్తంలో 30 శాతం దాటకూడదు, డిగ్రీ ఇచ్చేది మన సంస్థే. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, అక్కడి డిగ్రీ వస్తుందనుకుంటారు. జాయింట్‌లో రెండు సంస్థలూ కలిసి ఒకే సర్టిఫికెట్ ఇస్తారు. డ్యూయల్‌లో రెండు డిగ్రీలు విడివిడిగా వస్తాయి. విదేశీ సంస్థ టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ లేదా క్యూఎస్ ఇచ్చే ప్రపంచ యూనివర్సిటీ ర్యాంకుల్లో మొదటి 1000లో ఉండాలి.

మా తమ్ముడి కోసం ఒక కాలేజీలో ఇదే అడిగితే, టీ తెప్పించారు గానీ జవాబు చెప్పలేదు. మీకు ఇచ్చిన బ్రోచర్లు ఉంటే గ్రూప్‌లో పెట్టండి, కలిసి చూద్దాం.