దారి తప్పింది సొర కాదు

అయ్యా,

పది రోజుల కిందట మీ చివరి పేజీలో వచ్చిన 'దారి తప్పిన సొరచేప' వార్త గురించి ఈ ఉత్తరం. మీరే సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. వేయలేదు. మధ్యలో ఒకసారి ఫోన్ చేస్తే, "అది ఏజెన్సీ కాపీ సార్, మాకేం తెలీదు" అన్నారు. తెలీదని మీవాళ్ళే ఒప్పుకున్నాక ఇక నేను రాయక తప్పలేదు.

'వెచ్చటి నీళ్ళలో ఉండాల్సిన సొర పొరపాటున చల్లటి సముద్రంలోకి వచ్చి చలికి వణికిపోయింది' అని రాశారు. వణకడం మీ విలేకరి ఎప్పుడు చూశారో! అలాస్కాలో ప్రిన్స్ విలియం సౌండ్ అనే చోట నడిచలికాలంలో కూడా శాల్మన్ సొరలు తిరుగుతుంటాయి. నీరు 5 డిగ్రీలున్నా వాటి ఒళ్ళు 25 డిగ్రీల దాకా ఉంటుంది. ఇందులో మాయేం లేదు. ఈత కొట్టే కండరాల్లో వేడెక్కిన రక్తం బయటికి పోయే నాళాలూ, మొప్పల దగ్గర చల్లబడ్డ రక్తం లోపలికి వచ్చే నాళాలూ సన్నగా చీలి, ఒకదాన్నొకటి ఆనుకుని ఎదురెదురుగా పోతుంటాయి. పోయే రక్తంలోని వేడి వచ్చే రక్తానికి అంటుకుని మళ్ళీ ఒంట్లోకే చేరుతుంది. గుండెకు మాత్రం ఆ సుఖం లేదు. అది సముద్రమంత చల్లగా ఉండి కూడా ఆగకుండా కొట్టుకుంటుంది. 'నీ కడుపు చల్లగా' అని మనం దీవిస్తాం గానీ, ఈ చేపకు కడుపు వెచ్చగా, గుండె చల్లగా ఉంటుంది. తెల్ల సొర, మాకో, పోర్బీగల్ అనే సొరలు కూడా ఈ కుటుంబమే. 'చేపలన్నీ శీతల రక్త జీవులు' అని పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు కాబట్టి మీ విలేకరిని ఒక్కరినే అని లాభం లేదు.

ఇక దారి తప్పడం సంగతి. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ఒక ఆడ తెల్ల సొరకు శాటిలైట్ ట్యాగ్ కట్టారు. సినిమా తార నికోల్ కిడ్‌మన్ పేరే దానికి పెట్టారు (ఈ ఒక్క ముక్క మీ డెస్క్‌కి చేరి ఉంటే మొదటి పేజీలో వేసేవారు). 99 రోజుల్లో 11,000 కిలోమీటర్లు ఈది అది పశ్చిమ ఆస్ట్రేలియా చేరింది. దారిలో 980 మీటర్ల లోతుకు దిగింది. అక్కడ నీటి వేడి 3.4 డిగ్రీలు. మరుసటి ఆగస్టుకల్లా బయల్దేరిన తీరానికే తిరిగొచ్చింది. వెన్ను మీది రెక్క అంచున ఉన్న నొక్కులు చూసి గుర్తుపట్టారు. దారి తప్పిన చేప ఇలా ఇల్లు వెతుక్కుంటూ వస్తుందా?

పక్కన బాక్సులో వేసినవి ఇంకా ఘోరం. బాస్కింగ్ షార్క్‌లు చలికాలమంతా అడుగున పడి నిద్రపోతాయట. దశాబ్దాల కిందటి ఊహ అది. ట్యాగులు కట్టి చూస్తే చలికాలంలోనూ ఈదుతూ, మేస్తూనే ఉన్నాయి. గ్రీన్‌లాండ్ సొర వయసు 512 ఏళ్ళని వేశారు. 2016లో శాస్త్రవేత్తలు దాని కంటి కటకం నడిమధ్య నుంచి, అంటే పుట్టకముందే ఏర్పడ్డ భాగం నుంచి, తీసిన లెక్క 392 ఏళ్ళు, అటూ ఇటూ 120. మీవాళ్ళకు కూడిక వచ్చు, తీసివేత రాదన్నమాట. తీసేస్తే 272. అదేమైనా తక్కువా? ఆ చేప ఒళ్ళు వేడి చేసుకోదు. సున్నాకి దగ్గరగా ఉన్న నీళ్ళలో నిదానంగా ఈదుతూ, సుమారు 150 ఏళ్ళకు గానీ ఈడుకు రాదు. రక్తంలో యూరియా, ఇతర పదార్థాలు దండిగా ఉండటంతో ఆ చలికి గడ్డకట్టదు.

సుత్తి తల సొరల మాట మీరు ఎలాగూ ఎత్తలేదు. హవాయి దగ్గర అవి రాత్రిళ్ళు 800 మీటర్ల కిందికి, 5 డిగ్రీల నీళ్ళలోకి వేటకు దిగేటప్పుడు మొప్పలు మూసేసుకుంటాయని 2023లో తేలింది. వేడంతా బయటికి పోయేది మొప్పల గుండానే కదా, అందుకని ఊపిరి బిగబట్టినట్టు ఆపుకుంటాయి. ఇంత మంచి సంగతి వదిలేసి 'సముద్రపు రాక్షసి' అని ఎర్ర అక్షరాల్లో హెడ్డింగు!

ఇలాంటి హెడ్డింగులు చదివే అధికారులకు టెన్షన్ పట్టుకుంటుంది. 2014లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం తెల్ల సొరల కోసమని సముద్రంలో ఎర కట్టిన గేలాలు వేలాడదీసింది. పడ్డ 172 సొరల్లో తెల్ల సొర ఒక్కటీ లేదు, దాదాపు అన్నీ పులి సొరలే. నికోల్ ఈదుకుంటూ వెళ్ళింది ఆ తీరానికే. దక్షిణాఫ్రికా 1991లోనే తెల్ల సొరను పట్టకూడదని చట్టం చేసింది. ఒక ఒడ్డున చట్టం, ఇంకో ఒడ్డున గేలం. మధ్యలో 11,000 కిలోమీటర్లు ఈదే చేపకు ఏ ప్రభుత్వం ఏమందో ఎవరు చెప్తారు?

సవరణ అంటూ వేస్తే అదే చివరి పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. రాశిఫలాల కింద, మూల చూసి మాత్రం వద్దు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్