ఘంటసాల పాటను సగంలో కోయకండి
రేడియోలో ఘంటసాల పాట వేసి, రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పకుండా సగంలో కోసేసి యాడ్‌లోకి వెళ్లిపోవడం ఎఫ్‌ఎం స్టేషన్లకు అలవాటైపోయింది. ఆయన రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు, ఒక్క వయొలిన్ తప్పినా పాట మళ్లీ మొదటి నుంచి. అంత కష్టపడి పాడిన పాటలో చివరి చరణం శ్రోతకు దక్కకపోవడం ఏమిటి? యూట్యూబ్‌లో ఇంకా ఘోరం, పద్యాలకు ఎకో తగిలించి 'డిజిటల్' అంటున్నారు. 1974లో ఆయన పోయాక విడుదలైన భగవద్గీత అందరికీ తెలుసు, సరే, మద్రాసు రేడియోలో పాడినవి ఈ తరంలో ఎందరు విన్నారు? ఆకాశవాణి తన దగ్గర మిగిలిన టేపులను శుభ్రం చేసి, డిసెంబరు 4 జయంతికీ ఫిబ్రవరి 11 వర్ధంతికీ మాత్రమే కాకుండా వారానికో అరగంట, రికార్డింగ్ వివరాలతో సహా, పూర్తిగా వినిపించాలి.
– ఒక శ్రోత, తెనాలి