రెజ్యూమెను మనిషి కూడా చదవాలి

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ నియామకాల్లో ఏఐ వాడకం గురించి ఈ మధ్య ఎక్కడ చూసినా చర్చ జరుగుతోంది. ఏఐ వస్తే పక్షపాతం పోతుందని ఒకరంటారు, మనుషుల బతుకుల్ని మెషీన్ చేతిలో పెడతారా అని ఇంకొకరంటారు. నేను పదిహేనేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, అందులోనూ ఎక్కువ కాలం నియామకాల పనే. ఈ వాదనల మధ్య అసలు సంగతి తప్పిపోతోందనిపించి రాస్తున్నాను. ఏ సంస్థను అడిగినా, మెషీన్ ఒక్కటే నిర్ణయించదండీ, మనిషి కూడా చూస్తాడు అనే చెబుతుంది. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారు, అతనికి ఏం చూపిస్తున్నారు, ఎంత టైమ్ ఇస్తున్నారు అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక స్టోర్స్ అసిస్టెంట్ పోస్టుకి నాలుగు వందలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ అన్నింటికీ వందకి ఇన్ని అని మార్కులు వేసి వరసగా పేర్చింది. 70 దాటినవి ఆకుపచ్చ రంగులో, మిగతావి బూడిద రంగులో కనిపిస్తాయి. మేం ఆకుపచ్చవే తెరిచేవాళ్లం. బూడిద రంగువి తెరవొద్దని ఎవరూ అనలేదు గానీ తెరిచే తీరిక కూడా ఎవరూ ఇవ్వలేదు. పై వరసలో ఉన్న ఇద్దరు ఇంటర్వ్యూకి రాకపోవడంతో, ఆ సాయంత్రం స్క్రోల్ చేసుకుంటూ కిందికి పోయాను. 38 మార్కుల దగ్గర ఒక రెజ్యూమె, ఒకటే పేజీ. ప్రకటనలో మేం అడిగిన 'ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్' అన్న మాట అందులో ఎక్కడా లేదు, 'గోడౌన్‌లో సరుకు రాకపోకల లెక్క చూసేదాన్ని' అని ఉంది. మధ్యలో రెండేళ్ల గ్యాప్. దాని పక్కనే, నాన్నగారికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి ఉద్యోగం మానేశానని రాసుకుంది. పిలిచాం. రిజిస్టరులో ఉన్న లెక్కకీ అరలో ఉన్న సరుకుకీ తేడా వస్తే ఏం చేస్తావమ్మా అని ప్యానెల్‌లో ఒకాయన అడిగారు. "చివరిసారి లెక్క సరిపోయిన రోజు ఏదో ముందు చూస్తానండి. అక్కణ్నించి ఒక్కో ఎంట్రీ చూసుకుంటూ ఇవాళ్టి దాకా వస్తాను" అంది. 92 మార్కులు వచ్చిన అభ్యర్థిని అదే ప్రశ్న అడిగితే సిస్టమ్‌లో అడ్జస్ట్ చేసేస్తానన్నాడు. అతని రెజ్యూమె మళ్లీ తీసి చూస్తే, మా ప్రకటనలోని వాక్యాలే అటూ ఇటూ మార్చి పెట్టి ఉన్నాయి.

ఉద్యోగం ఆ అమ్మాయికే ఇచ్చాం. కానీ ఆ ఇద్దరూ ఇంటర్వ్యూకి వచ్చి ఉంటే నేను అంత కిందికి వెళ్లేదాన్నే కాదు. అంతకుముందు ఎంతమంది ఆ బూడిద రంగులో ఉండిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాధగానే ఉంటుంది.

ఇందులో సాఫ్ట్‌వేర్‌ను తిట్టి ప్రయోజనం లేదు. గ్యాప్ ఉంటే మార్కులు తగ్గించాలన్న సెట్టింగ్ పెట్టింది మేమే. ఎందుకు పెట్టామని ఆరా తీస్తే ఎవరికీ గుర్తు లేదు, మొదట్లో ఎవరో టిక్ చేశారు, అలా ఉండిపోయింది. ఇలా మా ఒక్కచోటే జరగడం లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, సర్వే చేసిన సంస్థల్లో దాదాపు సగం ఆరు నెలలు దాటిన గ్యాప్ కనిపిస్తే ఆ రెజ్యూమెను పక్కన పెట్టేస్తున్నాయి. బాలింతలు, జబ్బు చేసి కోలుకున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకున్నవాళ్లు, అందరినీ ఒకే గాటన కట్టేయడమే ఇది.

ఎవరూ సెట్టింగ్ పెట్టకపోయినా మెషీన్ తనంతట తాను నేర్చుకునేవీ ఉన్నాయి. అమెజాన్ 2014లో రెజ్యూమెలకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలిచ్చే సాఫ్ట్‌వేర్ తయారీ మొదలుపెట్టింది. పదేళ్లలో తమకు వచ్చిన రెజ్యూమెలతో దానికి శిక్షణ ఇచ్చారు. అవి ఎక్కువగా మగవాళ్లవి కాబట్టి మగవాళ్లే మేలని అది నేర్చుకుంది. రెజ్యూమెలో 'ఉమెన్స్ చెస్ క్లబ్ కెప్టెన్' లాంటి మాట కనిపిస్తే మార్కులు తగ్గించేది. ఆ మాటల వరకు సరిచేసినా, ఇంకో దారిలో వివక్ష చూపదన్న నమ్మకం లేక చివరికి ఆ ప్రయత్నమే మానుకున్నారని 2018 అక్టోబరులో రాయిటర్స్ బయటపెట్టింది. గత పదేళ్లలో ఎవరిని తీసుకున్నామో వాళ్లలాంటి వాళ్లనే మళ్లీ వెతికిపెట్టడం ఈ సాఫ్ట్‌వేర్లకు వచ్చిన విద్య. కొత్తరకం మనిషి ఎదురైతే దానికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

అలాగని మనుషులకే వదిలేద్దామా అంటే, ఆ మాటా నేను అనలేను. ఒకసారి నేను మార్కులు వేసిన రెజ్యూమెలనే, ఆ సంగతి మర్చిపోయి, మూడు వారాల తర్వాత మళ్లీ చదివాను. కొన్నింటికి వేరే మార్కులు పడ్డాయి. పొద్దున చదివినవాటికీ, భోజనం తర్వాత విసుగ్గా ఉన్నప్పుడు చదివినవాటికీ తేడా స్పష్టంగా కనిపించింది. ఏఐ ఊసే లేని రోజుల్లో బోస్టన్, షికాగో నగరాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ఉంది, 2004లో అచ్చయింది. ఒకేలాంటి రెజ్యూమెలను, వినగానే తెల్లవాళ్లవి అనిపించే పేర్లతో కొన్ని, నల్లవాళ్లవి అనిపించే పేర్లతో కొన్ని పంపారు. తెల్లవాళ్ల పేర్లున్న వాటికి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. చదివింది మనుషులే. కాబట్టి పేరు, ఫొటో, వయసు దాచిపెట్టి, పోస్టుకి కావాల్సిన లైసెన్సులు ఉన్నాయో లేవో చూసి, అందరికీ ఒకే కొలత పట్టే పని మెషీన్‌కి ఇస్తే నాకు సంతోషమే. ఆ పనిలో దానికి విసుగు రాదు.

నాకు భయం వేసేది మెషీన్, మనిషి కలిసి పనిచేసే చోట. స్కోరు ముందే కళ్లెదుట కనిపిస్తే ఆ తర్వాత మనిషి చదివేది చదువు కాదు. 38 అని ఉంటే తప్పుల కోసం వెతుకుతాం, 92 అని ఉంటే మంచి కోసం వెతుకుతాం. రోజుకి రెండు వందల రెజ్యూమెలు పెట్టి 'ఫైనల్ డెసిషన్ మీదే' అంటే మనిషి చేసేది గంగిరెద్దులా తలూపడమే. యూరప్ ఏఐ చట్టం నియామకాల సాఫ్ట్‌వేర్‌ను హై రిస్క్ జాబితాలో పెట్టి, మనుషుల పర్యవేక్షణ ఉండాలంటూ, మెషీన్ చెప్పిందే నమ్మేసే ఈ అలవాటును ప్రత్యేకంగా ప్రస్తావించింది. తప్పు బయటపడితే మాత్రం హెచ్‌ఆర్ తప్పు సాఫ్ట్‌వేర్‌దంటుంది, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు మీ సెట్టింగ్‌దంటాడు, మేనేజర్ నా దాకా రాలేదంటాడు. తిలా పాపం తలా పిడికెడు. తిరస్కరించబడినవాళ్లకు ఎవరినడగాలో కూడా తెలియదు.

ఆ స్టోర్స్ పోస్టు తర్వాత మేం పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు చదివేవాళ్లకు స్కోరు ముందు కనిపించదు. రెజ్యూమె చదివి, తీసుకోవాలో వద్దో ఒక వాక్యంలో కారణం రాసి, కింద తమ పేరు పెట్టాకే స్కోరు తెరుచుకుంటుంది. ఇద్దరి అభిప్రాయం కలవకపోతే, అంటే మనిషి ఔనని మెషీన్ కాదన్నా, మెషీన్ ఔనని మనిషి కాదన్నా, ఆ రెజ్యూమెను ఇంకొకరు చదవాల్సిందే. మాకు ఎక్కువ ఉపయోగపడుతున్నది ఈ కలవని రెజ్యూమెలే, ఎక్కడ సెట్టింగ్ తప్పో, ఎక్కడ మా కన్ను తప్పో అక్కడే తెలుస్తోంది. ఇంకా, మెషీన్ తోసేసిన వాటిలోంచి వారానికి ఇరవై, ఏవో కొన్ని లాగి పూర్తిగా చదువుతాం. ఒక్కోదానికి మూడు నిమిషాలనుకున్నా గంట పని. టైమ్ లేదనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే, వారానికి గంట. ఇంటర్వ్యూలోనూ అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడుగుతాం. ముఖకవళికలు, గొంతు చూసి మనిషిని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ల జోలికి పోలేదు. వీడియో ఇంటర్వ్యూల సాఫ్ట్‌వేర్ అమ్మే హైర్‌వ్యూ లాంటి పెద్ద సంస్థే ముఖాల విశ్లేషణ మానేశామని 2021లో ప్రకటించింది. నెర్వస్‌గా ఉన్న అభ్యర్థి ముఖం చూసి పనితనం చెప్పడం ఎవరి తరమూ కాదు.

అభ్యర్థుల వైపు కూడా ఒక మాట. ఇప్పుడు రెజ్యూమెలు కూడా ఏఐతోనే రాయిస్తున్నారు, అందరివీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి. మెషీన్ రాసింది మెషీన్ చదివితే మధ్యలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. మీరు నిజంగా చేసిన పని ఒక్కటైనా మీ మాటల్లో రాయండి, దయచేసి.

న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. నియామకాల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే సంస్థ ఏటా దానికి పక్షపాతం ఉందో లేదో బయటివాళ్లతో ఆడిట్ చేయించాలి, వాడుతున్నట్టు అభ్యర్థికి ముందే చెప్పాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటి మీ చేతుల్లో కూడా ఉందండీ. మీ పత్రికలో ఉద్యోగ ప్రకటనలిచ్చే సంస్థలను మూడు విషయాలు అదనంగా రాయమని అడగండి: దరఖాస్తును మొదట సాఫ్ట్‌వేర్ చూస్తుందా, తిరస్కరించే ముందు మనిషి చదువుతారా, మళ్లీ చూడమని అడగాలంటే ఎవరికి రాయాలి. మా సంస్థ ఇచ్చే తర్వాతి ప్రకటనలో ఇవి ఉండాలని మా పైవాళ్లకు రాసిచ్చాను, జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు