హంసధ్వని పుణ్యమా అని

మొన్న శనివారం రాత్రి మా ఇంట్లో బెంగాలీ దర్శకుడు రుత్విక్ ఘటక్ తీసిన 'మేఘే ఢాకా తారా' చూడటానికి వచ్చినవాళ్ళకీ, రాలేకపోయినా దూరం నుంచే పని చేసిపెట్టినవాళ్ళకీ ఈ నాలుగు ముక్కలు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామని మొదలుపెట్టాను గానీ, ప్రతి ఫోనూ గంట సాగి మళ్ళీ రాగాల్లోకీ షాట్లలోకీ వెళ్ళిపోతోంది. అందుకే అందరికీ కలిపి రాసేస్తున్నాను. పేర్లు పెట్టొద్దని మీలో ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ పెట్టడం లేదు. ఎవరి సంగతో మీకు ఎలాగూ తెలిసిపోతుంది.

విషయం తెలియనివాళ్ళ కోసం కాస్త ముందు నుంచి చెప్తాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి ఎనభై దాటాయి. ఆయనకి కర్ణాటక సంగీతం తప్ప వేరే వ్యసనం లేదు. వయసులో ఉన్నప్పుడు పంటు మీద గోదావరి దాటి, బస్సులు మారి, కాకినాడ సరస్వతీ గానసభ కచేరీలకి వెళ్ళేవారట. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి ప్రస్తావన వస్తే సొంత అన్నగారి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. నాదేమో సినిమా పిచ్చి. సత్యజిత్ రే, ఘటక్, అరవిందన్, ఆదూర్, తార్కోవ్‌స్కీ లాంటి దర్శకుల సినిమాలు. ఆయన గదిలో రేడియో మోగుతుంటే నా గదిలో నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేదాన్ని. "మీ సినిమాల్లో ఎవడూ కదలడు, ఎవడూ మాట్లాడడు, ఆఖర్న అందరూ ఏడుస్తారు" అని ఆయన. కల్యాణికీ శంకరాభరణానికీ తేడా పట్టలేని నేను ఆయనకి ఎదురు చెప్పేదేముంది!

నాన్నగారికి ఒక్క ఆర్ట్ సినిమా అయినా చూపించాలి, దేనితో మొదలెట్టను అని మిమ్మల్ని అడిగినప్పుడు తలా ఒకటి చెప్పారు. మన పులిదిండిలో తీసిన బాపు 'సాక్షి' అన్నారొకరు. అది ఆయన 1967లోనే చూశారు, షూటింగ్ కబుర్లు కూడా చెప్పగలరు. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' అన్నారు ఇంకొకరు. అప్పుడు పాలకొల్లు మాస్టారు ఒక మాట అన్నారు: "కంటి వైపు నుంచి కాదమ్మా, చెవి వైపు నుంచి రండి." ఆయన రెండు పేర్లు చెప్పారు. రే తీసిన 'జల్సాఘర్' ఒకటి. 1958 నాటిది, విలాయత్ ఖాన్ సంగీతం, బేగం అఖ్తర్ తెర మీదే కూర్చుని పాడతారు. రెండోది ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా'. "అందులో అన్నయ్య పాత్ర హంసధ్వని రాగం పాడుతుంది. మీ నాన్నగారు లేచిపోతే నన్నడగండి" అన్నారు. ఇదే సినిమాని నేను ఎన్నోసార్లు చూశాను. అందులో హంసధ్వని ఉందన్న సంగతే నాకు తెలియదు! మాస్టారూ, మీకు మొదటి నమస్కారం.

నాన్నగారొక్కరే కాదు, ఆయన సంగీతం స్నేహితులు కూడా వస్తామన్నారు. దాంతో పని పెద్దదైంది. ఒకచోట చిన్న హాలు అడిగితే "పాత బెంగాలీ సినిమానా? డాన్సులుంటాయా?" అని నవ్వారు. సర్లెమ్మని మా మండువా లోగిలిలోనే పెట్టుకున్నాం. డిస్క్ నా దగ్గరుంది. అసలు చిక్కల్లా సబ్‌టైటిల్స్ దగ్గర వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు, అవీ చీమల్లాంటివి, వెలిగి ఆరిపోతుంటే డెబ్భై దాటినవాళ్ళు ఏం చదువుతారు?

ఇక్కడే రామచంద్రపురం బాబాయిగారి గురించి చెప్పాలి. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే. బెంగాలీ ఆయనకి నోట్లో నాలుకంత బాగా వచ్చు. సినిమా మొత్తం విని, మాటలన్నీ తెలుగులో రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో రాసి పంపారు. ఎంత బాగా రాశారంటే నవలలా చదువుకోవచ్చు. అక్కడే వచ్చింది తంటా. పాత్ర రెండు సెకన్లలో అనేసిన మాటకి బాబాయిగారు మూడు లైన్లు రాశారు. సబ్‌టైటిల్స్ కట్టిన ఇంజనీరింగ్ కుర్రాడు వాటిని కోస్తుంటే ఆయన ఫోన్లో "నా వాక్యం గొంతు కోశావురా" అని ఒకటే గొడవ. చివరికి నాన్నగారిని పెద్దమనిషిగా పెట్టుకున్నారు. పాతికేళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఎర్ర పెన్ను తీసుకుని ఇద్దరివీ దిద్దేశారు. సినిమా చూడకముందే కథంతా ఆయనకి తెలిసిపోయింది, అది వేరే సంగతి.

ఆ కుర్రాడు పడ్డ కష్టం కూడా చెప్పకపోతే తప్పు. మొదటిసారి వేసి చూస్తే తెర మీద తెలుగు చితికిపోయింది. ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి, గుడి ఒకచోట, అక్షరం ఒకచోట. రెండు రాత్రులు కూర్చుని ఫాంటు మార్చి, అక్షరాలకి నల్లటి అంచు కట్టి, బొమ్మలోనే అచ్చయ్యేలా చేసి తెచ్చాడు. పరీక్షల ముందు. బాబూ, మీ అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

టెంట్ హౌస్ ఆయన్ని కుర్చీల కోసం పిలిస్తే, మండువా వంక పైకి చూసి "వెన్నెల పడితే తెర తెల్లబోద్దండి" అన్నారు. మాకెవరికీ తట్టలేదు. "ఆయ్, పనైపోద్దండి" అంటూ నల్లటి పరదా పైన కట్టించారు. డబ్బు ఇవ్వబోతే కుర్చీలకి మాత్రమే తీసుకున్నారు. మా వీధి టైలరు అతుకు కనపడకుండా తెర కుట్టి ఇచ్చారు.

సాయంత్రం అన్నీ సిద్ధం చేసి స్పీకర్లు పెడితే 'గుయ్' మని ఒకటే రొద. సంగీతం వినడానికి పిలిచి ఆ రొద వినిపిస్తే ఇంకేమైనా ఉందా? నాకు టెన్షన్ తో చెమటలు పట్టాయి. రాజోలు రేడియో మెకానిక్ గారు మాట్లాడకుండా వచ్చి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశారు. రొద ఆగిపోయింది! "ఎర్తింగ్ గోలమ్మా ఇది" అని, ల్యాప్‌టాప్‌నీ ప్రొజెక్టర్‌నీ స్పీకర్లనీ ఒకే బోర్డుకి తగిలించి, ఆ బోర్డుని ఇన్వర్టర్‌కి కలిపి, తానూ దాని పక్కనే కుర్చీ వేసుకున్నారు.

కాకినాడ నుంచి వీణ టీచరు గారు యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి, వీణ ఒళ్ళో పెట్టుకుని కారులో వచ్చారు. ద్రాక్షారామలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి దారిలో వాయించే మనిషి ఆవిడ. సినిమాకి ముందు ఏమీ వాయించనన్నారు. "ముందే వాయించేస్తే వాళ్ళు దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటారు, సినిమా చూడరు" అన్నారు. ఎంత సరైన ఆలోచనో ఆ తర్వాత అర్థమైంది.

సినిమా మొదలైంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి కలకత్తా శివార్లలో తలదాచుకున్న కుటుంబం. పెద్దమ్మాయి నీత జీతం మీద ఇల్లంతా నడుస్తుంటుంది. అన్న శంకర్ సంపాదించడు, పాడుకుంటూ తిరుగుతాడు. అతని గొంతులో హంసధ్వని వినపడగానే వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. నాన్నగారు నిటారుగా కూర్చున్నారు. "ఇదేంటి, మన వాతాపి!" అని ఎవరో పైకే అనేశారు, 'వాతాపి గణపతిం' కృతిదీ ఇదే రాగం కదా. మృదంగం తాతగారి చెయ్యి తొడ మీద తాళం మొదలెట్టేసింది. అప్పటిదాకా నాన్నగారు శంకర్‌ని పనికిమాలిన వెధవ కింద జమకట్టారు. అక్కణ్ణుంచి ఆ కుర్రాడి పక్షమే!

ఇంకో సంగతి నా జన్మలో మర్చిపోను. ఘటక్ ఇందులో బొమ్మకి సంబంధం లేని చప్పుళ్ళు వాడతాడు. నీత, శంకర్ కలిసి పాడే పాట చివర్లో కొరడా దెబ్బ లాంటి శబ్దం వస్తుంది. అది వినగానే మెకానిక్ గారు స్పీకర్ పేలిందనుకుని టార్చిలైటు పట్టుకుని లేచారు. "కూర్చోండి, అది సినిమాలోదే" అని మాస్టారు చెయ్యి పట్టి లాగారు. మా పక్కింటి అత్తయ్యగారు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఇంకోటి పట్టుకున్నారు. తల్లి పాత్ర వచ్చినప్పుడు వెనక ఏదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు వస్తోంది, విన్నావా అని నన్నడిగారు. ఘటక్ మీద వ్యాసాలు చదివి నేను తెలుసుకున్న సంగతి అది. ఆవిడ వంటింటి చెవితో వినేశారు.

అయిపోయాక కాసేపు ఎవరూ లైటు వెయ్యమనలేదు. తర్వాత ఒకటే మాటలు. మన రాగం అక్కడికెలా వెళ్ళిందన్న దాని మీద వీణ టీచరు గారు చెప్పింది కొందరు సరిగ్గా వినలేదన్నారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. హంసధ్వని ముత్తుస్వామి దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులు పుట్టించిన రాగం. స రి గ ప ని, అంతే. మధ్యమం, ధైవతం ఉండవు. హిందుస్తానీలో దానికి పేరు తెచ్చినవారిలో భెండీబజార్ ఘరానా (అంటే గాన సంప్రదాయం) గాయకుడు అమాన్ అలీ ఖాన్ ముఖ్యులు. తెర మీద శంకర్‌గా అనిల్ ఛటర్జీ పెదవులు కదిపితే, గొంతు ఏ.టి. కానన్‌ది. ఆయన మద్రాసులో పుట్టి కలకత్తాలో స్థిరపడిన గాయకుడు. ఆ ముక్క వినగానే "అదీ సంగతి!" అని తాతగార్లందరూ తృప్తిపడ్డారు. కలకత్తా గొప్పంతా మద్రాసు ఖాతాలో వేసేసుకున్నారు, నేను అడ్డు చెప్పలేదు.

అప్పుడు వాయించారు ఆవిడ, త్యాగరాజస్వామి 'రఘునాయక'. 'ని' నుంచి 'స' మీదకి జారేటప్పుడు తీగని పక్కకి లాగిన ఆ గమకం నా కళ్ళ ముందే, మూరెడు దూరంలో జరిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు ఒక రాగం మొహం గుర్తుండిపోయింది. ఇప్పుడు రేడియోలో హంసధ్వని వస్తే నాన్నగారి కంటే ముందు నేనే చెప్పేస్తున్నాను. ఆయన నమ్మక, అనౌన్సర్ చెప్పేదాకా ఆగుతున్నారు.

ఉపాహారాల సంగతి ఒక్క మాట. పూతరేకులు తెచ్చిన ఆత్రేయపురం వదినగారికి ప్రత్యేక కృతజ్ఞతలు, అవి చప్పుడు చెయ్యవు. జంతికలు తెచ్చినవారికీ కృతజ్ఞతలే, కానీ వచ్చేసారి ఇంటర్వెల్ దాకా డబ్బా మూత తియ్యకండి.

వచ్చేసారి ఏమిటో కూడా నాన్నగారే తేల్చేశారు. జి.వి. అయ్యర్ 1975లో కన్నడంలో తీసిన 'హంసగీతె'. బాలమురళిగారికి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. శంకరగుప్తం మనిషి పాటని ఈ చుట్టుపక్కలవాళ్ళు తెర మీద వినకపోతే ఎలా అంటున్నారు. కన్నడం బాగా వచ్చినవాళ్ళు మీకు తెలిస్తే చెప్పండి, బాబాయిగారికి తోడు కావాలి. ఆకుపచ్చ టేపు చుట్టిన పొడుగు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటీ, మూత లేని స్టీలు క్యారియర్ ఒకటీ మా ఇంట్లో ఉండిపోయాయి. ఎవరివో వచ్చి పట్టుకెళ్ళండి.