పండగ రోజు ఏం మానాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ఏ మతం పండగ వచ్చినా నాలుగు రోజుల ముందు నుంచే పేపర్లో అది ఎలా చెయ్యాలి, ఏ టైమ్‌కి చెయ్యాలి అని పేజీలకి పేజీలు వస్తాయి, మంచిదే, నేనూ వదలకుండా చదువుతాను. కానీ ఆ రోజు ఏ పని పక్కన పెట్టాలో మాత్రం ఎక్కడా కనపడదు. నాకు ఇది చాలా రోజుల నుంచి మనసులో ఉంది, అందుకే రాస్తున్నా.

యూదుల సబ్బాతు సంగతి చూడండి, ఆ మాటకి అర్థమే ఆగడం అని. శుక్రవారం పొద్దు గుంకే ముందు మొదలై శనివారం రాత్రి చుక్కలు కనపడేదాకా ఉంటుంది, ఆ టైమ్‌లో చెయ్యకూడని పనులు 39 రకాలని వాళ్ల పెద్దలు లెక్క కట్టి పెట్టారు, నిప్పు రాజెయ్యడం, రాయడం, కుట్టడం, బట్టలు ఉతకడం ఇలా. మొదటిసారి చదివినప్పుడు అబ్బా ఇన్ని రూల్సా, ఇంక రెస్ట్ ఎక్కడిది అనుకున్నా. తర్వాత నా సంగతి నేను చూసుకుంటే అర్థమైంది, రూల్ లేకపోతే మనం ఆగం అండి, ఈ ఒక్క పనీ చేసేసి కూర్చుంటా అనుకుంటూనే రాత్రి పదకొండు అయిపోతుంది. వాళ్లు వంటా గింటా అంతా ముందే ముగించుకుంటారు. గ్రీకు భాషలో శుక్రవారాన్ని ఇప్పటికీ పరస్కెవి అంటారు, అంటే సిద్ధం చేసుకోవడం, సబ్బాతు కోసం ముందు రోజు చేసుకునే ఏర్పాట్ల నుంచి వచ్చిన పేరు అది. అంటే విశ్రాంతి దానంతట అది దొరకదు, దానికీ ముందు రోజు కొంత పని ఉంది.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది బైబిల్లో ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం. అక్కడ సబ్బాతు ఆజ్ఞ ఇంటి యజమాని ఒక్కడికే కాదు, కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి, అందరినీ పేరుపేరునా చెప్తుంది, నీలాగే నీ దాసుడూ దాసీ కూడా విశ్రమించాలి అంటుంది, నువ్వూ ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, దాసుడిగా ఉన్నవాడివే గుర్తు పెట్టుకో అని కారణం కూడా చెప్తుంది. ఇది చదివాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పండగ అంటే అమ్మ అందరికన్నా ముందు లేచి అందరికన్నా చివర పడుకునేది. దేవుడి ముందు కూర్చునేసరికి ఆవిడకి కళ్లు మూతలు పడేవి, పిల్లలం మేం అది భక్తి అనుకునేవాళ్లం. అది నిద్ర అని పెద్దయ్యాక, నాకూ అలాగే పడుతున్నప్పుడు తెలిసింది. మర్నాడు ఒళ్లు నొప్పులో జ్వరమో వచ్చి మంచం ఎక్కడం, దాన్ని కూడా పండగలో భాగం అన్నట్టే తీసుకోవడం, ఎన్ని ఇళ్లలో లేదండీ ఇది?

ఆషాఢ శుద్ధ ఏకాదశికి విష్ణుమూర్తి యోగనిద్రలోకి వెళ్లి నాలుగు నెలలకి కార్తీకంలో లేస్తాడని నమ్మే వాళ్లం, ఇంట్లో ఆడమనిషి ఓ గంట నడుం వాలిస్తే మాత్రం ఇవాళ కూడా పడకేనా అంటాం. ఉపవాసం అనే మాట కూడా అంతే, ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండడం, దేవుడికి దగ్గరగా ఉండడం అని పెద్దలు చెప్తారు, మనం తిండి ఒక్కటీ మానేసి మిగతా రోజులకన్నా రెట్టింపు తిరుగుతున్నాం, ఇంక దగ్గరగా ఉండేది ఎప్పుడు?

అన్నిట్లోనూ రోజంతా ఆగమని లేదు. ఖురాన్ 62వ సూరాలో, అంటే అధ్యాయంలో, శుక్రవారం నమాజుకి పిలుపు వినపడగానే వ్యాపారం వదిలి రమ్మని ఉంది, నమాజు అయ్యాక మళ్లీ బయటికి వెళ్లి సంపాదించుకోమనీ ఉంది. జబ్బుతో ఉన్నవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు రంజాన్ ఉపవాసాలు తర్వాత వేరే రోజుల్లో ఉండొచ్చని 2వ సూరా చెప్తుంది. యూదుల్లో కూడా ప్రాణం కాపాడే పనికి సబ్బాతు అడ్డు రాదు. అంటే ఒంటిని హింస పెట్టుకోమని వీళ్లెవరూ చెప్పలేదు కదా. బాలి ద్వీపంలో హిందువులకి న్యేపి అని సంవత్సరాది ఉంది, ఆ రోజు నిప్పు, పని, ప్రయాణం, వినోదం నాలుగూ బంద్, ఎయిర్‌పోర్ట్ కూడా 24 గంటలు మూసేస్తారు. ఒక ఊరు కాదు, ద్వీపం మొత్తం ఆగుతుంది. అందరూ ఒకేసారి ఆగితే నేను వెనకపడిపోతానేమో అనే కంగారు ఎవరికీ ఉండదు, ఒక్కళ్లే ఆగాలంటేనే కష్టం.

పోయిన పండక్కి నేను ఒక ప్రయత్నం చేశా. ముందు రోజు సాయంత్రానికే పనులు ముగించి, తప్పనివి ఇంట్లో తలా ఒకటి పంచి, మధ్యాహ్నం రెండు గంటలు ఫోన్ ఆపేసి పడుకున్నా. మొదటి అరగంట చెయ్యి ఊరికే ఫోన్ వైపు పోతూనే ఉంది, ఏదో తప్పు చేస్తున్నట్టు కూడా అనిపించింది. లేచి మొహం కడుక్కుని దేవుడి ముందు కూర్చుంటే చాలా ఏళ్ల తర్వాత కునుకు రాలేదు, ఏం చదువుతున్నానో దాని అర్థం తెలుస్తూ చదివా. శుభాకాంక్షలకి రిప్లైలు రాత్రి ఇచ్చా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

పండగ సందడి వద్దు అనడం లేదండి, అందరూ కలవడం నాకూ ఇష్టమే. సెలవు లేక ఆ రోజు కూడా డ్యూటీ చేసే నర్సులు, డ్రైవర్లు, పోలీసులు ఉన్నారు, వాళ్లకి వేరే రోజైనా ఆ ఆగడం దొరకాలి. నేను అడిగేది చిన్న విషయం. వచ్చే పండగ పేజీలో, అది ఏ మతానిదైనా సరే, ఒక మూల చిన్న బాక్స్ వెయ్యండి, ముందు రోజే చేసుకోగలిగిన పనులు ఏంటి, మానేసినా తప్పు లేనివి ఏంటి, పెద్దవాళ్లకీ జబ్బు ఉన్నవాళ్లకీ ఏ మినహాయింపులు ఉన్నాయి అని ఆ మతం తెలిసిన పెద్దల్ని అడిగి రాయించండి. పేపర్లో వచ్చిందంటే మా ఇళ్లలో చూపించి మాట్లాడుకోడానికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
మీ పేపర్ పాఠకురాలు