ట్రకియాస్టమీ ట్యూబుతో ఇంటికి పంపేటప్పుడు క్యాథెటర్లు కూడా సరిపడా పంపండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి, ఊపిరి ఆడటానికి నేరుగా శ్వాసనాళంలోకి పెట్టే గొట్టమే ట్రకియాస్టమీ ట్యూబు. దానితో ఏళ్ల తరబడి ఇంట్లో ఉండేవారికి, వారి ఇంటివాళ్లకు ఆ ట్యూబు సంరక్షణ నేర్పే నర్సులం, రెస్పిరేటరీ థెరపిస్టులం రాస్తున్నాం. సామాను సరిగ్గా అందితే వీళ్లకు వచ్చే ఛాతీ ఇన్ఫెక్షన్లు చాలావరకు తగ్గుతాయి.

ముక్కు గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్ము వడకట్టి లోపలికి పంపుతుంది. ట్యూబు ఉన్నవారికి ఆ రక్షణ లేదు. కఫం చిక్కబడి ట్యూబు లోపలి గోడకు పెచ్చు కడుతుంది. అందుకే ట్యూబు మూతికి తేమ నిలిపే హెచ్‌ఎంఈ ఫిల్టరు పెడతాం. దాన్ని రోజూ మార్చాలి, కఫం పడితే వెంటనే మార్చాలి. కడిగి మళ్లీ పెడితే పనిచేయదు.

సక్షన్ అంటే ట్యూబులోకి క్యాథెటర్ అనే సన్నని గొట్టం దింపి, మెషిన్‌తో కఫం పీల్చి తీయడం. అక్కడే ఎక్కువ తేడా వస్తుంది. క్యాథెటర్ లావు ట్యూబు లోపలి వ్యాసంలో సగం మించకూడదు. 8 మిల్లీమీటర్ల ట్యూబుకు 12 ఫ్రెంచ్ సైజు (అంటే 4 మిల్లీమీటర్ల లావు) దాటొద్దు. పెద్దవాళ్లకు పీడనం 80 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం చాలు. క్యాథెటర్‌ని బయటికి తీసేటప్పుడు మాత్రమే పీల్చాలి, అదీ 10 సెకన్లలోపే. ట్యూబు పొడవు కొలిచి గుర్తు పెట్టుకోకుండా, తగిలేదాకా దింపితే శ్వాసనాళం గీసుకుపోయి నెత్తురొస్తుంది. ఆ పుండు సూక్ష్మజీవులకు దారి. రోజుకు 10 సార్లు సక్షన్ చేయాల్సిన మనిషికి నెలకు 300 క్యాథెటర్లు కావాలి. 30 ఇచ్చి పంపితే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? కడిగి వాడతారు. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపలి సన్నని గొట్టం మాత్రం ఆరదు. ఆ తడిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్‌లో కుళాయి నీళ్లు పోసినా ఇదే ప్రమాదం.

ఇంకో మాట. పాత ట్రకియాస్టమీలో సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా జబ్బు చేయకుండానే నివాసం ఉండటం మామూలే. కల్చర్‌లో, అంటే కఫంలోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో, కనబడిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. జ్వరం, కఫం రంగు మారి ఎక్కువవడం, ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం ఉన్నాయేమో చూడాలి. ఊరికే వాడుతూ పోతే మందుకు లొంగని సూక్ష్మజీవే మిగులుతుంది.

మా విన్నపం ఇది. డిశ్చార్జికి ముందే ఇంటివాళ్లలో ఇద్దరు సక్షన్ చేయడం, లోపలి ట్యూబు శుభ్రం చేయడం, ట్యూబు మార్చడం తమ చేతులతో చేసి చూపాలి. బ్యాటరీతో కూడా నడిచే సక్షన్ మెషిన్, అదే సైజు ట్యూబు ఒకటి, దానికన్నా ఒక సైజు చిన్నది ఇంకొకటి, నెలకు సరిపడా క్యాథెటర్లు, ఫిల్టర్లు వెంట వెళ్లాలి. ఫ్లూ, న్యూమోకోకల్ టీకాలు ఇంటికే వచ్చి వేయాలి. క్యాథెటర్ల కోటా అందరికీ ఒకటే పెట్టకుండా, ఆ మనిషికి రోజుకు ఎన్నిసార్లు సక్షన్ అవసరమో చూసి లెక్కకట్టమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ట్రకియాస్టమీ సంరక్షణ నేర్పే నర్సులు, రెస్పిరేటరీ థెరపిస్టులు